ఫలితాలొచ్చి మూడు రోజులైంది, షాపు షట్టర్ తీయబుద్ధి కావట్లేదు

వంశధార_గట్టు | 7 జూన్ 2024, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లె. రోడ్డు మీద చిన్న ఎలక్ట్రికల్ షాపు నాది. ఏ పార్టీయో చెప్పను, ఈ వేదిక రూలు తెలుసు. ఓడిన పార్టీ, అంతే.

మే 13న మా ఊరి బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాను. మొన్న 4న కౌంటింగుకీ వెళ్లాను. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు కాబట్టి రాష్ట్రంలో ఏం జరుగుతోందో తెలీదు. ఎనిమిదికి పోస్టల్ బ్యాలెట్లు, ఎనిమిదిన్నరకి మిషన్లు మొదలెట్టారు. ఎదురుగా టేబుల్, మధ్యలో ఇనప మెష్, నా చేతిలో పెన్ను, తెల్ల కాగితం. రెండో రౌండు దాకా అంకెలు నీటుగా రాసుకున్నాను. మూడో రౌండులో అవతలి ఏజెంటు నీళ్లు తాగి వచ్చి కూర్చున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. బయట ఈలలు. అప్పుడే అర్థమైపోయింది. ఐదో రౌండు నుంచి నా కాగితం ఖాళీ.

రాష్ట్రం సంగతి పక్కన పెడితే, మా బూత్ లెక్కే నన్ను తినేస్తోంది. ఇంటింటికీ తిరిగి ఓటరు లిస్టు మీద గుర్తులు పెట్టాం. మనోళ్లకి టిక్కు, వాళ్లోళ్లకి ఇంటూ, గోడ మీద పిల్లులకి సున్నా. టిక్కులు 412. పడినవి 318. అంటే 94 మంది ‘నీకు కాక ఇంకెవరికేస్తాం బాబూ’ అని నా మొహం మీదే చెప్పి వేయలేదన్నమాట. మూడు రోజులుగా ఆ లిస్టే ముందేసుకుని కూర్చున్నాను. ఎవరా 94 మంది?

4వ తేదీ రాత్రి మా గుమ్మం ముందే టపాసుల సరం కాల్చారు. పాప దడుచుకుంది. మా మేనత్త కొడుకు, బావ, అవతలి పార్టీ. చిన్నప్పటి నుంచి ఇద్దరం ఒకే బండి మీద తిరిగినవాళ్లం. ఆ ఊరేగింపులో వాడూ ఉన్నాడు.

నిద్ర లేదు, అన్నం దిగట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, దీన్నుంచి ఎలా బయటపడ్డారు? సలహా లేకపోయినా ‘నాకూ ఇంతే’ అంటే చాలు.

అడ్మిన్_నాగావళి | 8 జూన్, ఉదయం 6:10

ఈ చర్చ ఉంచుతున్నాను. నాలుగు రోజుల్లో ఎన్నికల మీద వచ్చిన వాటిలో తీసేయాల్సిన పని లేనిది ఇదొక్కటే. రూల్స్ మళ్లీ చెబుతున్నా: పార్టీల పేర్లు, నాయకుల పేర్లు, గుర్తులు వద్దు. కులం మాట వస్తే పోస్టే కాదు, అకౌంటూ పోతుంది.

చీపురుపల్లి_సెంటర్ | 8 జూన్, ఉదయం 7:25

అడ్మిన్ గారూ, గుర్తులు వద్దంటే ఎలాగండీ? ఈ ఉక్కలో నెత్తి మీద ఏది తిరగాలి, పిల్లాడు బడికి ఏది తొక్కుకుని వెళ్లాలి, నేను టీ దేంట్లో తాగాలి? పైగా ఆ తమ్ముడిది ఎలక్ట్రికల్ షాపు. అమ్ముకునే సరుకు పేరు చెప్పినా బ్యానేనా?

అడ్మిన్_నాగావళి | 8 జూన్, ఉదయం 7:31

నవ్వొచ్చింది. అయినా ఇది మీకు మొదటి హెచ్చరిక.

రాత్రి_డ్యూటీ_సిస్టర్ | 8 జూన్, ఉదయం 9:02

తమ్ముడూ, నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. 5వ తేదీ పొద్దున్న మా ఓపీకి బీపీ పెరిగి వచ్చినవాళ్లలో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు. గెలిచినాయన ఊరేగింపు హడావుడిలో మాత్ర మరిచిపోయాడు, ఓడినాయన బాధలో మరిచిపోయాడు. బీపీ మిషన్‌కి పార్టీ తెలీదు, ఇద్దరికీ 180 దాటే చూపించింది. కాబట్టి ముందు నీ సంగతి కాదు, ఇంట్లో పెద్దవాళ్లు మందులు వేసుకుంటున్నారో లేదో కనుక్కో. నువ్వు ముద్ద ముట్టకపోతే మీ అమ్మా నాన్నా ముట్టరు, మాత్ర మాత్రం ఎందుకు గుర్తుంటుంది?

ఇక నీ గురించి. మూడు నాలుగు రోజులు నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం జబ్బేమీ కాదు. మనిషి పోతే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. నెలల తరబడి తిరిగావు కదా. కానీ రాత్రి 11:42కి పోస్టు పెట్టావంటే ఫోను మంచం మీదే ఉందన్నమాట. దాన్ని వేరే గదిలో చార్జింగుకి పెట్టు. సాయంత్రం ఐదు దాటాక టీ వద్దు. మందేస్తే నిద్ర పడుతుందని ఎవరో ఒకరు చెబుతారు. పడుతుంది, తెల్లవారుజామున మూడింటికి అదే లేపుతుంది.

రెండు వారాలైనా ఇలాగే ఉంటే డాక్టరుకి చూపించు. మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు. ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, ఏ వేళయినా తెలుగులో మాట్లాడతారు. ఒకవేళ చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందా, రెండు వారాలు కాదు, రెండు నిమిషాలు కూడా ఆగకు. ఇంట్లో వాళ్లని లేపి చెప్పు.

ఓడినోడు_2019 | 8 జూన్, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, నేను నీకు అవతలి పక్షం. ఈసారి గెలిచాం. ఐదేళ్ల కిందట నీ కుర్చీలో కూర్చున్నది నేనే. 2019 మే 23. మన పాత శ్రీకాకుళం జిల్లాలో పది సీట్లకి ఎనిమిది పోయాయి, పక్కన విజయనగరంలో తొమ్మిదికి తొమ్మిదీ పోయాయి. మాది ఆమదాలవలస వైపు. నేనూ కౌంటింగ్ ఏజెంటునే, నా కాగితమూ సగంలోనే ఆగిపోయింది.

నేనేం చేశానో చెబుతా, నువ్వు చేయకుండా ఉంటావని.

మా ఊరి సెంటర్లో టీకొట్టు ఉంది. అటు వెళ్తే వెక్కిరిస్తారని చెరువు గట్టు మీదుగా చుట్టూ తిరిగి బస్సు ఎక్కేవాణ్ని. కిలోమీటరున్నర ఎక్కువ. నాలుగు నెలలు అలాగే తిరిగాను, వానలో కూడా. తర్వాత ఒకరోజు టీకొట్టాయన్నే అడిగాను, నా గురించి ఏమనుకున్నారని. ‘రెండో రోజు ఒకసారి అడిగారు బాబూ, ఏడీ కనపళ్లేదని. తర్వాత టమాటా రేటు మాట్లాడుకున్నారు’ అన్నాడు. నాలుగు నెలలు చెప్పులు అరిగింది నావే.

రెండోది ఆ లిస్టు. నా దగ్గరా ఉండేది. దాని మీద గీతలు గీసి గీసి, ఫలానా ఇంటివాళ్లే మోసం చేశారని తేల్చేశాను. ఆ ఇంటి పెద్దాయన మా నాన్న స్నేహితుడు. శ్రావణంలో వాళ్లమ్మాయి పెళ్లి. శుభలేఖ ఇంటికొచ్చి ఇచ్చాడు. నేను వెళ్లలేదు, మా ఆవిణ్నీ వెళ్లనివ్వలేదు. రెండేళ్ల తర్వాత వాళ్లబ్బాయి మాటల్లో చెప్పాడు: ఆ ఎన్నికల్లో కొడుకులిద్దరూ ఒకవైపు, ఆయనొక్కడే మావైపు. మాకే వేస్తానని ఇంట్లో గొడవపడి, వారం రోజులు ఒంటరిగా వండుకుని తిన్నాడట. ఆ మాట నాకు తెలిసేనాటికి ఆయన లేడు. పోయిన రోజు దింపుడు కళ్లం దాకా భుజం మార్చుకోకుండా మోశాను. కానీ అప్పటికి నాకు తెలీదు. ఊరి మర్యాదకి మోశాను.

ఆ లిస్టుతో ఎవరినీ పట్టుకోలేవు. ఉన్నవాళ్లని పోగొట్టుకుంటావు.

మరి ఎలా బయటపడ్డానంటే, పెద్ద ఉపాయమేమీ లేదు. ఉభాలొచ్చాయి. మా మడిలో దిగిన పదకొండు మందిలో ఎవరు ఎవరికి వేశారని అడుగుతూ కూర్చుంటే నాట్లు పడవు కదా. బురదలో వంగినవాళ్లకి బెల్లం టీ ఇచ్చాను, నేనూ తాగాను. ఆ రోజు రాత్రి నిద్ర పట్టింది.

టపాసుల గురించి కూడా ఒక మాట. 2019లో మా గుమ్మం ముందు కాల్చారు. మొన్న మా కుర్రాళ్లు అవతలి ఏజెంటు ఇంటి ముందు ఆగబోతే ‘ముందుకి పదండి’ అన్నాను. అంత మాత్రాన మంచోణ్ని అయిపోలేదు. రెండు వీధులు దాటాక నేనే అంటించాను.

వంశధార_గట్టు | 8 జూన్, రాత్రి 8:50

అన్నా, ఆ పెద్దాయన సంగతి చదివి లిస్టు మూసేశాను. పది నిమిషాలకి మళ్లీ తీశాను.

సీరియల్ నంబరు 231 దగ్గరే ఆగిపోతున్నాను. మా వీధి చివర ముసలమ్మ. పోయిన వేసవిలో ఆవిడ బోరు మోటారు కాలిపోతే వైండింగ్ నేనే చేయించి ఇచ్చాను, పైసా తీసుకోలేదు. లిస్టులో ఆవిడది టిక్కే. ఇప్పుడా టిక్కు మీద నమ్మకం లేదు.

సిస్టర్, నాన్న మాత్రలు చూశాను. మీరన్నట్టే 4 నుంచి వేసుకోలేదు. ఇప్పుడు వేయించాను.

బొబ్బిలి_కోడలు | 8 జూన్, రాత్రి 9:20

మోటారుకి డబ్బులు తీసుకోలేదంటే సాయం. దానికి ఓటు రావాలి అనుకుంటే డబ్బులు తీసుకున్నట్టే కదా తమ్ముడూ, కాకపోతే వాయిదా మీద. కోపం తెచ్చుకోకు.

మా ఇంటి కథ విను. మావయ్యగారు గెలిచారు, మా ఆయన ఓడారు. ఒకటే టీవీ. మావయ్యగారికి ఒక ఛానెల్, ఈయనకి ఇంకో ఛానెల్. 4వ తేదీ నుంచి రిమోట్ కోసం గొడవ, సౌండు కోసం గొడవ, ‘నువ్వు చూసి నేర్చుకో’ అని ఒకరు, ‘ఐదేళ్లు ఆగండి’ అని ఇంకొకరు. ఒకరు తినే వేళకి ఇంకొకరు లేచి వెళ్లిపోవడం. నేను రెండుసార్లు వడ్డించాలి.

6వ తేదీ రిమోట్‌లో బ్యాటరీలు తీసి కందిపప్పు డబ్బాలో దాచేశాను. ఇద్దరూ ఇల్లంతా వెతికారు. ఎవరికీ దొరకలేదు. ఆ డబ్బా మూత తీసేది నేనొక్కదాన్నే కదా. కొత్తవి కొనుక్కురావాలంటే ఎవరు వెళ్లాలి అన్న దాని మీద ఇద్దరికీ పంతం. ఆ పంతం వల్ల ఇంట్లో మూడు రోజులు ప్రశాంతంగా ఉంది. నిన్న రాత్రి కరెంటు పోతే ఇద్దరూ అరుగు మీద కూర్చుని మామిడి తోట కాపు గురించి మాట్లాడుకున్నారు.

నేనెవరికి వేశానో మాత్రం ఇద్దరూ అడగలేదు. ఎవరికి వారు తమకే అనుకుంటున్నారు.

చీపురుపల్లి_సెంటర్ | 8 జూన్, రాత్రి 9:26

అమ్మా, మీరు ఎమ్మెల్యేగా నిలబడాలి.

రాజాం_లెక్కల_మాస్టారు | 9 జూన్, ఉదయం 5:40

పొద్దున్నే వాకింగుకి ముందు రాస్తున్నాను. లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ప్రిసైడింగ్ ఆఫీసరుగా చాలా బడుల్లో, మిషను పెట్టె పక్కనే, దోమల మధ్య పడుకున్నాను. ఈ అబ్బాయి లెక్కలో ఒక తప్పు ఉంది, అది చెప్పకపోతే నాకు నడక సాగదు.

412 టిక్కులు లిస్టు మీదివి. 318 పెట్టెలో పడినవి. లిస్టులో ఉన్నవాళ్లంతా ఓటుకి రారు నాయనా. చెన్నైలో ఒకడు, హైదరాబాద్‌లో ఒకడు, ముంబై రేవులో ఒకడు, పోయినా పేరు తీయించనివాళ్లు ఇద్దరు. ముందు రానివాళ్లని తీసేయ్. ఆ తర్వాత మిగిలేదే నువ్వు బాధపడాల్సిన అంకె. ఒక్కసారి తీసి, చూసి, మూసెయ్.

రెండో లెక్క. 2019లో ఓడిన పార్టీకి 175లో 23 సీట్లు వచ్చాయి. ఓట్లు 39.17 శాతం. ఇప్పుడు ఓడిన పార్టీకి 11 సీట్లు. ఓట్లు 39.37 శాతం. రెండు దశాంశ స్థానాలు చూడండి. సీట్లు సగానికి తగ్గాయి, ఓట్లు ఒక పిసరు పెరిగాయి. రెండుసార్లూ ఓడినవాళ్ల వెనక ఉన్నది దాదాపు ఒకే సంఖ్యలో జనం. ఎక్కువ ఓట్లొచ్చిన ఒక్కడే గెలిచే పద్ధతిలో సీట్లు అలాగే వస్తాయి. సీట్లు చూస్తే ఊరంతా మనల్ని వెలేసినట్టుంటుంది. ఓట్లు చూస్తే టీకొట్టు దగ్గర పదిమంది ఉంటే నలుగురు మనవాళ్లే. అడ్మిన్ గారు గమనించాలి, పార్టీ పేరు చెప్పలేదు.

మూడోది లెక్క కాదు, మన జిల్లా కథ. వి.వి. గిరి గారు తెలుసు కదా. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి నెహ్రూ దగ్గర కార్మిక మంత్రి అయ్యారు. 1957లో పార్వతీపురంలో నిలబడ్డారు, అప్పుడది మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. ఆ రోజుల్లో కొన్ని చోట్ల ఒక నియోజకవర్గానికి ఇద్దరు ఎంపీలు. ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లో ఇద్దరు గిరిజన అభ్యర్థులు, గిరి గారు మూడో స్థానం. మొదటి గిరిజన అభ్యర్థికి రిజర్వుడు సీటు, రెండో ఆయన డిప్పల సూరిదొరకి జనరల్ సీటు. రిజర్వేషన్ ఉన్న మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని గిరి గారు కేసు వేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో అక్కడా ఓడిపోయారు. ఎక్కువ ఓట్లొస్తే గిరిజనుడైనా జనరల్ సీటుకి అర్హుడే అని తీర్పు. ఇప్పటికీ లా చదివే పిల్లలు ఆ కేసు చదువుతారు. 1961లో ఇద్దరు సభ్యుల పద్ధతే తీసేశారు.

మన జిల్లాలో ఒకసారి, ఢిల్లీలో ఒకసారి ఓడిన ఆ మనిషి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకి గవర్నరు, తర్వాత ఉపరాష్ట్రపతి, 1969లో ఇండిపెండెంటుగా నిలబడి రాష్ట్రపతి. నాకు మాత్రం ఈ కథలో సూరిదొర ఎక్కువ నచ్చుతాడు. ఓడినవాళ్ల కథలో గెలిచినవాణ్ని మెచ్చుకుంటే బాగోదేమో, కానీ కేంద్ర మంత్రిగా చేసిన మనిషిని దాటి సీటు తెచ్చుకున్నాడు.

పాలకొండ_రోడ్డు | 9 జూన్, ఉదయం 10:12

మాస్టారూ, లెక్కలు బాగున్నాయి. మిషన్ల సంగతేంటి? జనం మారలేదు, మిషన్లే మారాయని మా వాట్సాప్ గ్రూపులో అందరూ అంటున్నారు.

రాజాం_లెక్కల_మాస్టారు | 9 జూన్, ఉదయం 11:30

అనుమానం ఉంటే తీర్చుకునే దారులున్నాయి. పోలింగ్ అయ్యాక ఏజెంటుకి 17సి ఫారం కాపీ ఇస్తాం. అందులో మిషను నంబరు, పడిన మొత్తం ఓట్లు ఉంటాయి. కౌంటింగ్ టేబుల్ మీద ఆ రెండూ సరిపోవాలి. నియోజకవర్గానికి ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు (ఓటు ఎవరికి పడిందో చూపించి పెట్టెలో పడేవి) చేత్తో లెక్కపెడతారు. ఈ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకోటి ఇచ్చింది: రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థి ఏడు రోజుల్లోగా అడిగితే నియోజకవర్గానికి 5 శాతం మిషన్ల మెమరీని పరీక్ష చేయించుకోవచ్చు. ఖర్చు అడిగినవాళ్లదే. అదీ చాలకపోతే 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్.

అది అభ్యర్థి చేయాల్సిన పని. మీ గ్రూపులో రాత్రి రెండింటి దాకా వాదిస్తే ఏ మిషనూ తెరుచుకోదు.

వంశధార_గట్టు | 9 జూన్, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, మా బూత్ 17సి సరిపోయింది. నేనే చూశాను. అది సరిపోకపోతే బాగుండునని ఆ క్షణం అనిపించింది, నిజం చెబుతున్నా.

రానివాళ్లని తీసి చూశాను. టిక్కుల్లో 37 మంది పోలింగుకే రాలేదు. మా తమ్ముడితో సహా. వాడికి బెంగళూరులో సెలవు దొరకలేదు. వాణ్ని కూడా ఇన్ని రోజులూ ద్రోహుల లెక్కలో వేశాను.

విశాఖ_ఎక్స్‌ప్రెస్_జనరల్ | 9 జూన్, రాత్రి 10:38

నాకూ ఇంతే అనడానికి వచ్చాను. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. ఓటెయ్యడానికి విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో బాత్రూమ్ పక్కన నిలబడి విజయనగరం వచ్చాను. ఓటేసి మళ్లీ అలాగే వెళ్లాను.

ఓటుతో ఆగితే బాగుండేది. పందెం కాశాను. మెజారిటీ మీద ఒకటి, రాష్ట్రంలో సీట్ల మీద ఒకటి. రెండూ కలిపి అరవై వేలు. మధ్యవర్తి దగ్గర పెట్టిన డబ్బు 4వ తేదీ మధ్యాహ్నానికే పోయింది. అందులో నలభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. ఇంట్లో తెలీదు. పార్టీ ఓడినందుకు ఏడుస్తున్నాను అనుకుంటున్నారు. ఇప్పుడు క్రికెట్ ప్రపంచకప్ నడుస్తోంది కదా, అందులో కాసి రాబడదామని పక్క రూమువాడు అంటున్నాడు.

ఓడినోడు_2019 | 9 జూన్, రాత్రి 10:55

తమ్ముడూ, ఆ పక్క రూమువాడి మాట వినకు. పోయిన పందెం డబ్బు మరో పందెంలో దొరకదు. అది చట్టానికీ విరుద్ధం, అవతలివాడు ఎగ్గొడితే పోలీసు స్టేషన్‌కి కూడా వెళ్లలేవు.

ముందు భార్యకి చెప్పు. ఫోన్లో కాదు, ఊరొచ్చి చెప్పు. తిడుతుంది. తిట్టాక ఏం చెయ్యాలో కూడా తనే చెబుతుంది. డ్వాక్రా గ్రూపులో తక్కువ వడ్డీకి లోను దొరికితే ముందు ఆ మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చేయండి. పార్టీ మళ్లీ ఎప్పుడైనా గెలుస్తుంది, వడ్డీకి మాత్రం ఐదేళ్లకోసారి ఎన్నికలు ఉండవు.

రాత్రి_డ్యూటీ_సిస్టర్ | 9 జూన్, రాత్రి 11:20

విశాఖ తమ్ముడూ, 14416 నీక్కూడా. సిగ్గుపడే విషయాలు వాళ్లు రోజూ వింటారు. ఎప్పుడు ఊరొస్తున్నావో ఇక్కడ రాయి, అడుగుతూ ఉంటాను.

(వంశధార, 11:20కి నేను డ్యూటీలో ఉన్నాను. నువ్వు పడుకోవాలి.)

రాజీనామా_చేసినమ్మాయి | 11 జూన్, సాయంత్రం 4:47

నేను గ్రామ వాలంటీరుగా చేశాను. నెలకి ఐదు వేలు. ఎన్నికల ముందు రాజీనామా చేయమంటే చేశాను. మళ్లీ మేమే వస్తాం, మళ్లీ పెట్టుకుంటాం అన్నారు. ఇప్పుడు ఆ చెప్పినాయన ఫోన్ ఎత్తట్లేదు.

డబ్బు కంటే ఇంకోటి బాధ. ఒకటో తేదీ తెల్లారకుండానే పింఛను డబ్బు పట్టుకుని వెళ్తే తాతలూ అవ్వలూ గుమ్మంలో ఎదురుచూసేవాళ్లు. వేలిముద్ర పడకపోతే వాళ్ల చెయ్యి నా చున్నీతో తుడిచేదాన్ని. ఇప్పుడు అదే వీధిలో నడుస్తుంటే తల దించుకోవాల్సి వస్తోంది. నాకు 24 ఏళ్లు. డీఎడ్ చేశాను. పార్టీ ఓడిందో నేను ఓడానో తెలియట్లేదు.

[ఈ పోస్టు తొలగించబడింది: వెక్కిరింపు. అడ్మిన్]

బొబ్బిలి_కోడలు | 11 జూన్, సాయంత్రం 6:15

ఆ వెక్కిరించినాయన పోస్టు తీసేలోపే చదివాను. ఆయన ఇంటికి కూడా ఎవరో ఒక అమ్మాయి పింఛను పట్టుకెళ్లే ఉంటుంది.

అమ్మాయీ, తల దించుకోకు. ఆ అవ్వల్లో ఎవరి ఇంటికైనా ఒకటో తేదీ కాని రోజు ఊరికే వెళ్లి కూర్చో. చూడు ఏమంటారో.

రాజాం_లెక్కల_మాస్టారు | 14 జూన్, ఉదయం 5:35

అమ్మా, నిన్న కొత్త ముఖ్యమంత్రి మొదటి సంతకం టీచరు పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద పెట్టారు. 16,347 పోస్టులు. నీ పార్టీ ప్రభుత్వం కాకపోతే ఏం, పోస్టుకి నీ మార్కులు కావాలి. డీఎడ్ ఉంది కాబట్టి ఎస్జీటీకి, అంటే చిన్న తరగతుల టీచరు పోస్టుకి రాయొచ్చు. టెట్ స్కోరు ఎంతో చూసుకో. గణితంలో ఎక్కడ ఇబ్బందో రాయి, పొద్దున్నే ఐదున్నరకి నేను ఖాళీ. ఫీజు లేదు. ఓటు కూడా అడగను.

రాజీనామా_చేసినమ్మాయి | 14 జూన్, ఉదయం 7:50

టెట్ 91 మాస్టారూ. కాలము-పని, కాలము-దూరం రావు. రేపటి నుంచే అడుగుతాను.

(అక్కా, ఒక అవ్వ ఇంటికి వెళ్లాను. ‘ఏటే గుంటా, డబ్బులుంటేనే వస్తావేటి?’ అని తిట్టి, తాటి ముంజలు పెట్టింది.)

వంశధార_గట్టు | 19 జూన్, రాత్రి 9:05

సిస్టర్, టైము చూడండి, 9:05.

10వ తేదీ సోమవారం షాపు తీశాను. తీయాలని కాదు. నాన్న తాళాలు తీసుకుని వెళ్లిపోతుంటే, ఆయనకి షట్టర్ ఎత్తితే నడుం పట్టేస్తుందని వెనకాలే వెళ్లాను. వారం మూసి ఉంటే షట్టర్ కింద ఎంత చెత్త చేరుతుందో. అందులో కాలిన టపాసు కాగితాలూ ఉన్నాయి, ఎర్రవి. ఊడ్చేశాను.

మొదటి బేరం ఎవరనుకున్నారు? 231. ‘ఏరా, వారం రోజులు కొట్టు కట్టేస్తే నా మోటారు ఎవుడు చూస్తాడు? మళ్లీ పట్టేసింది’ అంది. అడగాలనిపించింది. నాలుక చివరి దాకా వచ్చింది. ‘మోటారు విప్పించి పంపు అమ్మమ్మా’ అన్నాను. ఈసారి వైండింగ్ డబ్బులు తీసుకున్నాను, బొబ్బిలి అక్క చెప్పినట్టు. ఆవిడ కూడా బేరమాడి యాభై తగ్గించి ఇచ్చింది. ఇద్దరికీ హాయిగా ఉంది.

వెక్కిరింపులు లేవని కాదు. ఒకడు కావాలని వచ్చి పసుపు బల్బు ఉందా అని నవ్వాడు. ఉంది, ఇరవై రూపాయలు అన్నాను. కొనక తప్పలేదు.

ఇక బావ. మొన్న ఆదివారం పొద్దున్న బండి తెచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టాడు. ‘అరసవల్లి వెళ్దాం, పాపని తయారు చెయ్’ అన్నాడు. ఏమీ జరగనట్టు. నేనూ ఏమీ జరగనట్టే ఎక్కాను. దర్శనం అయింది, బయట పాపకి పీచు మిఠాయి కొన్నాడు. మేమిద్దరం టపాసుల మాట ఎత్తలేదు. పాప ఎత్తింది. ‘మావయ్యా, మా ఇంటి ముందు బాంబులు నువ్వే పేల్చావా?’ అని.

వాడు దాని మొహం చూశాడు. ‘నేను కాదమ్మా’ అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు డే అండ్ నైట్ జంక్షన్ దాటాక బండి పక్కకి ఆపి, వెనక్కి తిరక్కుండా, ‘నేను కాల్చలేదు బావా. ఆపనూ లేదు’ అన్నాడు. నేను ‘పద, ఎండెక్కుతోంది’ అన్నాను. ఇంకేం అనాలో తెలీలేదు. పూర్తిగా పోయిందా అంటే పోలేదు. కానీ రాత్రి వాడి ఇంటి నుంచి చేపల పులుసు వచ్చింది, తిన్నాను.

ఓడినోడు_2019 | 19 జూన్, రాత్రి 9:40

నాకు ఆ మాట చెప్పడానికి ఐదేళ్లు పట్టింది, అదీ ఎవరికీ ఎదురుగా కాదు, ఇక్కడ పేరు లేకుండా. మీ బావ నాకంటే నయం.

లిస్టు ఏం చేశావు?

వంశధార_గట్టు | 19 జూన్, రాత్రి 9:52

ఉంది అన్నా. బీరువా మీద. చూడట్లేదు. కానీ ఉంది.

విశాఖ_ఎక్స్‌ప్రెస్_జనరల్ | 23 జూన్, సాయంత్రం 5:30

సిస్టర్ అడిగారు కదా, ఊరొచ్చాను. చెప్పాను. ఒక పూట మాట్లాడలేదు. తర్వాత చెవి కమ్మలు తీసి ఇచ్చింది, కుదువ పెట్టి వడ్డీ అప్పు తీర్చమని. అవి విడిపించే దాకా ఫోన్లో స్కోరు కూడా చూడనని పాపాయి నెత్తి మీద చెయ్యి వేయించుకుంది. ఫైనల్ ఎవరు గెలిచారో మీరే చెప్పాలి నాకు.

రాత్రి_డ్యూటీ_సిస్టర్ | 23 జూన్, సాయంత్రం 6:02

స్కోరు నేను చెబుతాలే. కమ్మలు ఎప్పుడు విడిపించావో నువ్వు చెప్పు.

బొబ్బిలి_కోడలు | 30 జూన్, ఉదయం 8:15

నిన్న ఫైనల్ కోసం బ్యాటరీలు బయటికి తీశాను. ఇండియా గెలిచింది. మావయ్యగారూ, మా ఆయనా కలిసి అరిచారు. పొద్దున్న లేచి చూస్తే మళ్లీ న్యూస్ ఛానెల్ గొడవ. ఇప్పుడు మినప్పప్పు డబ్బాలో పెట్టాను.

వంశధార_గట్టు | 2 ఆగస్టు 2024, రాత్రి 8:30

చాలా రోజులైంది. ఉభాలు మొదలయ్యాయి, పొద్దున్న మడిలో, సాయంత్రం షాపులో.

ఓడినోడు అన్న అడిగిన దానికి జవాబు. లిస్టు కోసం నిన్న బీరువా మీద చూస్తే లేదు. నాన్నని అడిగాను. ‘వానకి కట్టెలు తడిసిపోయాయిరా. నీళ్ల పొయ్యి అంటుకోకపోతే ఆ కాగితాలేవో పెట్టాను. ముఖ్యమైనవేటి?’ అన్నాడు.

కాదన్నాను. నీళ్లు బాగానే కాగాయట.

ఓడినోడు_2019 | 2 ఆగస్టు, రాత్రి 8:44

ఆదివారం నరసన్నపేట వైపు పెళ్లి పని మీద వస్తున్నాను తమ్ముడూ. నీ షాపు ఎక్కడో చెప్పు. మా ఇంట్లో నడిమి గదిలోది తిరగడం మానేసింది. చేత్తో తిప్పితే నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతోంది.

వంశధార_గట్టు | 2 ఆగస్టు, రాత్రి 8:50

అది కండెన్సర్ పోయింది అన్నా. రెండున్నరది వేస్తే సరిపోతుంది, పది నిమిషాల పని. పట్టుకొచ్చెయ్యండి. ఇంతకీ తిరగనిది ఏదో పేరు చెప్పలేదు మీరు.

ఓడినోడు_2019 | 2 ఆగస్టు, రాత్రి 8:52

చెబితే అడ్మిన్ ఊరుకోరు.

చీపురుపల్లి_సెంటర్ | 2 ఆగస్టు, రాత్రి 8:53

అది ఆగిపోయిందని మీరు, బాగుచేస్తానని ఆయన. అడ్మిన్ గారూ, ఇది రాజకీయమే, చర్య తీసుకోండి.

అడ్మిన్_నాగావళి | 2 ఆగస్టు, రాత్రి 9:10

చీపురుపల్లి గారికి రెండో హెచ్చరిక. వంశధార గారూ, మా ఇంట్లోదీ ఒకటి శబ్దం చేస్తోంది. బేరింగ్ మార్చడానికి ఎంతవుతుంది?